మౌనాచారి ల్యాప్‌టాప్‌కు కన్ను తెరిచిన రోజు

2010లో నేను రెండు తెలివితక్కువ పనులు చేశాను. నంద్యాలలో బేర్‌బోన్స్ ల్యాప్‌టాప్‌లు అమ్ముడుపోతాయని అనుకోవడం మొదటిది. వాటిలో ఒకటి కొనడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి ముందు చమత్కారంగా మాట్లాడబోవడం రెండోది. మొదటిదానితో నష్టం వచ్చింది. రెండోదానితో పేరు వచ్చింది. నష్టం ఎట్లాగో పూడింది. పేరు మాత్రం ఆళ్లగడ్డలో ఇంకా చెక్కుచెదరకుండా ఉంది.

నా అసలు పేరు దేవసహాయం. కంప్యూటర్లు బాగుచేసేవాడికి ఇంతకంటే నిజాయితీ గల పేరు దొరకదు. నా దగ్గర మిషన్ వదిలిపెట్టి వెళ్లే ప్రతివాడికీ చివరికి కావలసి వచ్చేది అదే. మా నాయన క్రైస్తవ మిషనరీ బళ్లో లెక్కల టీచరు. నన్ను కూడా బడిలో చూడాలని ఆయన ఆశ. నాకేమో చిన్నప్పటి నుంచీ మూత ఉన్న ఏ వస్తువునైనా విప్పి చూడాలనే బుద్ధి. మళ్లీ మూత పెట్టే బుద్ధి చాలా ఆలస్యంగా వచ్చింది. అది కూడా వచ్చాక నంద్యాల బస్టాండుకు పోయే దారిలో, ఒక మందుల షాపుకూ ఒక పూల అంగడికీ నడుమ షాపు పెట్టాను.

బేర్‌బోన్స్ అంటే వట్టి ఎముకలు. డొల్ల, స్క్రీను, కీబోర్డు, లోపల మదర్‌బోర్డు, అంతవరకే వస్తాయి. సమాచారం దాచుకునే హార్డ్ డిస్క్, ర్యామ్, సీడీలు చదివే ఆప్టికల్ డ్రైవ్ మనమే తెచ్చి అమర్చాలి. టేబుల్ మీద పెట్టే కంప్యూటర్లను అప్పట్లో వీధికొకడు అసెంబుల్ చేసేవాడు. ల్యాప్‌టాప్ కూడా అట్లాగే చేసిస్తే జనం ఎగబడతారని లెక్క వేసుకుని, చెన్నై డీలరు ఒకాయన దగ్గర కొన్ని డొల్లలు తెప్పించాను. లెక్కల టీచరు కొడుకును కదా, లెక్క తప్పింది. తయారైన ల్యాప్‌టాప్ చూస్తే జనం “ఎంతకిస్తావ్?” అని అడుగుతారు. కడుపు తెరుచుకుని ఉన్న నా ల్యాప్‌టాప్‌ను చూసి “ఎవురు చెడగొట్నారు?” అని అడిగేవాళ్లు.

ఆ మాట అడగని ఒకే ఒక్క మనిషి మౌనాచారి. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. భుజం మీద తువ్వాలు, కనుబొమల మీద ఎప్పుడూ ఇంత రాతి పొడి. ఆయన పేరులో మౌనాన్ని ఎవరు పెట్టారో గానీ నోరు మాత్రం సుత్తి కంటే ఎక్కువగా ఆడుతుంది. నా బల్ల మీదున్న డొల్లను తిరగేసి, గుంతలోకి వేలు పెట్టి చూసి ముచ్చటపడ్డాడు.

“ఏందప్పా, దీని కడుపులో ఏమీ లేదే?”

“నీకేం కావాలో చెప్తే అది పెడతానన్నా. ఇంకా పూర్తి కాలేదు.”

“అట్ల చెప్పు. సగం చెక్కిన బొమ్మ. నాకు తెలుసులే ఇయ్యన్నీ.”

ఆయనకొచ్చిన అవసరం ఇది. చాగలమర్రి వైపు ఒక పల్లెలో కొత్తగా ఆంజనేయస్వామి గుడి కడుతున్నారు. నిలువెత్తు విగ్రహం కావాలి. గుడి కమిటీవాళ్లు ఆళ్లగడ్డకు వచ్చి శిల్పుల పని చూసి, నచ్చినవాళ్లకు అప్పజెప్పి పోతారు. మౌనాచారి అదివరకు చెక్కినవన్నీ ఎక్కడెక్కడో గుళ్లల్లో నిలబడి ఉన్నాయి. వాటిని షెడ్డుకు పిలిపించలేడు కదా. ఫోటోల ఆల్బమ్ ఉంది గానీ ఎండకు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని, తెరిస్తే వినాయకుడి మొహం లక్ష్మీదేవి ఒళ్లోకి వస్తోంది. ఫోటో స్టూడియో అతను ఏటేటా తీసిన బొమ్మలన్నీ సీడీల్లో వేసిచ్చాడు. అవి చూపించడానికి ల్యాప్‌టాప్ కావాలి.

“పక్క షెడ్డోనికి ల్యాప్‌టాప్ ఉండాది. టిక్కు టిక్కుమని వాని బొమ్మలు చూపిస్తాడు. నాకాడ చూసేదానికి ఏమీ లేకపోతే కమిటీ అట్లే వాని షెడ్డుకు పోతాది. ఆ పని నాకొస్తే ఏడాదికి కూడు. నాతోపాటు పనోళ్లకు గూడా” అన్నాడు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు కొంచెం తగ్గింది.

సరే, పని మొదలుపెట్టాను. ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దాన్ని ముందు ఒక సన్నటి రేకు చట్రంలో బిగించి, ఆ చట్రంతో సహా గుంతలో పడుకోబెట్టి, చివర ఉన్న కనెక్టర్ వైపు మెల్లగా జరపాలి. జరపాలి, తోయకూడదు. సరిగ్గా కూర్చుంటే వేలికి తెలుస్తుంది.

“నా బొమ్మలన్నీ ఈ బిళ్లలోకి పడ్తాయా? ఒక్కోటి టన్ను తూగుతాదే!”

“బరువు పడదన్నా, రూపమే పడేది.”

“రాయి కంటే ఇదే మేలప్పా” అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే గానీ దానికి బ్రేకులు మంచివి కావు. ఆప్టికల్ డ్రైవ్ చేతిలోకి తీసుకున్నాను. ఒక పేపర్ క్లిప్పు నిటారుగా చేసి ముందున్న సన్నటి రంధ్రంలో పొడిస్తే ట్రే బయటికొచ్చింది. అందులోని గాజు చుక్కను ఆయనకు చూపించాను.

“ఇది లెన్సు అన్నా. ఇందులోనుంచి కిరణం వచ్చి సీడీని చదువుతుంది. ఒక రకంగా నీ ల్యాప్‌టాప్‌కు ఇది కన్ను. ఇది పెట్టేదాకా మిషన్ గుడ్డిదే. వెలిగేటప్పుడు దీంట్లోకి నేరుగా చూడకూడదు. మన చూపు పోతుంది.”

మౌనాచారి స్టూలు మీద నుంచి లేచి పక్కకు జరిగాడు. మొదటిసారి ఆయన పేరుకు న్యాయం జరిగింది. కొంతసేపయ్యాక అన్నాడు:

“పెట్టొద్దు.”

“ఏమన్నా?”

“కన్ను ఆఖరికి తెరవల్ల. ముహూర్తం చూసి తెరవల్ల. బొమ్మ ఒళ్లంతా చెక్కినా, కన్ను మాత్రం ఆ గడియ దాకా ముట్టుకోం మేము. తెరిచినాక మొదటి చూపు మనిషి మింద పడగూడదు. అద్దం అడ్డం పెడ్తాం. నువ్వే చెప్తివి గదా, చూపు పోతాదని?”

నాకు నవ్వొచ్చింది. అయినా ఒకరి నమ్మకాన్ని చూసి నవ్వకూడదని మా నాయన నేర్పాడు. పైగా ఉన్న ఒకే ఒక్క గిరాకీ. “అట్లే కానీ అన్నా. ఒకసారి పెట్టి, సరిపోతుందో లేదో చూసి తీసేస్తా” అన్నాను.

“కన్ను తెరిచి మల్ల మూసేది ఉంటాదా? నువ్వు ఒళ్లంతా చేసుకో. దాన్ని మాత్రం సంచిలో పెట్టుకోని ఆళ్లగడ్డకు రా. కమిటీ వచ్చే పొద్దే ముహూర్తం పెట్టిస్తా. శుభం.”

మా పనిలో ట్రయల్ ఫిట్ అనే మాట ఒకటుంది. మూత మూసే ముందు ప్రతి భాగాన్నీ దాని గుంతలో ఒకసారి పెట్టి చూసుకోవడం. పెళ్లికి ముందు జాకెట్టు తొడిగి చూసుకున్నట్టు. ఆయన వెళ్లిపోయాక నేను తలుపేసి చూసుకుని ఉండొచ్చు. ఎవరూ కాదనరు. కానీ ఇచ్చిన మాట ఒకటి, బద్ధకం ఒకటి, రెండూ ఒకవైపే లాగాయి. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లన్నీ పైకి అచ్చం ఒకటే, సన్నగా, చదునుగా ఉంటాయి. ఏముంది, జరిపితే పోతుంది అనుకున్నాను. విండోస్‌ను పెన్ డ్రైవ్‌తో ఎక్కించి, డ్రైవ్‌ను సంచిలో పెట్టుకుని, ముహూర్తం రోజు ఉదయం ఆళ్లగడ్డ బస్సెక్కాను.

షెడ్డులో సగం సగం దేవుళ్లు. ఒకరికి నడుము దాకా రూపం వచ్చింది, ఒకరికి కిరీటం మాత్రమే వచ్చింది. వాళ్ల మధ్య పీట వేసి, పీట మీద ల్యాప్‌టాప్ పెట్టి, బంతిపూల దండ వేసి ఉంచారు. స్క్రీను నాలుగు మూలలా కుంకుమ బొట్లు. మౌనాచారి భార్య నాగమ్మ గోడకుండే అద్దం ఊడదీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కమిటీవాళ్లు జీపులో అప్పటికే దిగారు. వాళ్ల పెద్ద ఓబుల్ రెడ్డి. తెల్ల చొక్కా, గుబురు మీసం, తక్కువ మాట. మౌనాచారి ఆయనకు అప్పటికే అంతా వర్ణించి చెప్పినట్టున్నాడు.

“ఈయనే రెడ్డీ, నంద్యాల ఇంజినీరు. దీని కన్ను మీ ఎదురుగ్గానే తెరుస్తాడు. తెరిచినాక మొట్టమొదట చూపించేది మీకే.”

నేను ఇంజినీరును కాదని చెప్పడానికి అది సమయం కాదు. ముహూర్తం వచ్చింది. నాగమ్మ అద్దం ఎత్తి పట్టుకుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని, సంచిలోంచి డ్రైవ్ తీసి, ల్యాప్‌టాప్ పక్కనున్న గూట్లోకి జరిపాను. నూనె రాసినట్టు పోయింది. పోయి, పోయి, చివరి అంగుళం దగ్గర ఆగింది. వెనక్కు లాగి మళ్లీ జరిపాను. అక్కడే ఆగింది. పుట్టలోంచి తల బయటపెట్టిన పాములాగా నా వైపు చూస్తూ ఉండిపోయింది.

“కొంచెం గట్టిగా తోయప్పా” అన్నాడు కమిటీలో ఒకాయన.

“సుత్తి ఇయ్యమంటావా?” అన్నాడు మౌనాచారి. వేళాకోళం కాదు, నిజంగానే తెచ్చాడు.

డ్రైవ్ బయటికి లాగి, దాని వెనకభాగం మొదటిసారి చూశాను. ముందుభాగాన్ని ఊరంతటికీ చూపించానే గానీ వెనక ఏముందో నేనే చూసుకోలేదు. ఈ డ్రైవ్‌లలో రెండు జాతులున్నాయి. ఐడీఈ అనే పాత రకానికి వెనక దువ్వెనలాగా సన్నటి పళ్ల వరుస ఉంటుంది. సాటా అనే కొత్త రకానికి పళ్లుండవు, రెండు పొట్టి నాలుకలుంటాయి. నా డొల్ల రెండు నాలుకలది. నేను తెచ్చినది పళ్లది. వీటికి జన్మలో పొసగదు.

“ఏమైంది దేవసాయం?”

“కన్ను... వేరేది తెచ్చినానన్నా.”

“వేరేదంటే? ఎవురి కన్నప్పా ఇది?”

“దీనికి సరిపోయేది కాదు.”

“ఒక రవ్వ గీకితే? ఆకురాయి ఉండాది.”

“గీకినా పోదన్నా. దీనికి వెనక పళ్లున్నాయి.”

“కంటికి పళ్లేందప్పా!” అని మౌనాచారి తల పట్టుకున్నాడు. కమిటీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఓబుల్ రెడ్డి నవ్వలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

సీడీలు తీసుకుని నేను ఆ వీధి చివర స్టూడియోకు పరుగెత్తాను. అక్కడి కంప్యూటర్లో సీడీల్లోని ఫోటోలను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, రొప్పుకుంటూ తిరిగొచ్చాను. డ్రైవ్ లేకపోయినా ఫోటోలు చూపించొచ్చు, అసలు పని జరిగిపోతుంది కదా అని నా సంబరం. మౌనాచారి పెన్ డ్రైవ్ వైపు కూడా చూడలేదు.

“కన్ను తెరవని దాంట్లో దేవుళ్లను చూపీమంటావా? గుడికి బొమ్మ అడిగేదానికి వచ్చినోళ్లకా? నేను చూపీను.”

“అన్నా, ఫోటోలే కదా...”

“చూపీనంటే చూపీను.”

ఓబుల్ రెడ్డి తువ్వాలు దులిపి లేచాడు. “ఆచారి చెప్పేది నిజమే. మొదటి పనికే ఇట్ల అడ్డం పడింది. శకునం బాగలేదు. మేం ఆ పక్క షెడ్డు గూడా చూసొస్తాం.”

 మౌనాచారి సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆయన ఏడాది పని జీపు వైపు నడుస్తోంది. దానికి కారణం నేను, నా సంచి, నా చమత్కారం. 

నాగమ్మకు ఇదేమీ పట్టలేదు. అద్దం పక్కన పెట్టి, పీట మీద పడిన రాతి పొడిని, స్క్రీను మీది పొడిని కొంగుతో తుడుస్తోంది. “ఈడ నెత్తిన ఏందో చుక్క ఉండాదే. ఎంత తుడిచినా పోదు” అంది.

“అది మరక కాదు వదినా, కెమెరా. పైన ప్లాస్టిక్ పొర...” అన్నాను. అని, ఆగిపోయాను. స్క్రీను పైన, నుదుటి నడుమ, కొత్త సామానుకు అంటించే నీలం పొర కింద, వెబ్ కెమెరా. ఎవరూ ఇంతవరకు తెరవనిది. ఈ వ్యవహారంలో రెండోసారి నా నోరు పనిచేసింది. ఈసారి అది జారలేదు, నేనే తోశాను.

“రెడ్డీ, ఒక్క నిమిషం ఆగండి! అన్నా, దీని కన్ను ఇది. మొహం మీదే ఉంది.”

మౌనాచారి వంగి చూశాడు. “మరి ఆ పొద్దు అది కన్నంటివే?”

“అది చెవన్నా. పక్కనుంటుంది కదా. సీడీ పెడితే పాట వింటుంది, చెప్పింది వింటుంది. తొందరలో తప్పు చెప్పినా.”

ఆయన నన్ను చూశాడు, పక్క గూటిని చూశాడు, మళ్లీ చుక్కను చూశాడు. అబద్ధమని ఆయనకు తెలియలేదని ఈ రోజుకూ నేను చెప్పలేను. చూసి, కమిటీ వైపు తిరిగి గట్టిగా అన్నాడు:

“కన్ను మొగాన ఉంటాది గానీ డొక్కలో ఉంటాదా యాడన్నా? నేను అప్పుడే అనుకున్యా, ఈ పిల్లోనికి శాస్త్రం తెలీదని. రెడ్డీ, రాండి. గడియ ఇంగా ఉండాది.”

సన్నటి ఉలి ఒకటి కడిగి తెచ్చాడు. రాతిలో దేవుడి కనుపాప గీసే చెయ్యి అది. నీలం పొర అంచును ఉలి మొనతో తాకాడు, గీత పడకుండా పైకి లేపాడు. నాగమ్మ అద్దం ఎదురుగా పట్టుకుంది. నేను పక్కనుంచి చెయ్యి చాచి కెమెరా ఆన్ చేశాను.

ఎదురుగా అద్దం ఉంటే కెమెరా ఏం చూస్తుంది? తనను తాను చూస్తుంది. స్క్రీనులో దండ వేసుకున్న ల్యాప్‌టాప్, దాని స్క్రీనులో ఇంకో ల్యాప్‌టాప్, అందులో ఇంకొకటి. లోపలికి, లోపలికి, గవ్వంత, గింజంత అయిపోతూ పోయింది.  ఓబుల్ రెడ్డి చెప్పులు విడిచి చేతులు జోడించాడు. నేను క్రైస్తవుడిని. అయినా నా తల కూడా కొంచెం వంగింది. భయం తీరినందుకు కావచ్చు.

అద్దం పక్కకు తీశాక కమిటీ మొత్తం స్క్రీనులో కనబడింది. ఓబుల్ రెడ్డి మీసం సవరించుకున్నాడు. ఆ తర్వాత పెన్ డ్రైవ్‌లోని దేవుళ్లందరూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఒక హనుమంతుడి దగ్గర ఆయన “ఆపు” అన్నాడు. చాలాసేపు చూశాడు. “ఈ చూపే గావాల మాకు” అన్నాడు. మధ్యాహ్నానికి తాంబూలం మారింది. వాళ్లు పక్క షెడ్డు వైపు తల కూడా తిప్పలేదు.

నాకు అక్కడే భోజనం. మౌనాచారి దగ్గరుండి వడ్డించాడు. కృతజ్ఞత అంతవరకే. మర్నాటి నుంచి ఆయన ఈ కథ మొదలుపెట్టాడు. విగ్రహాలు చూడటానికి వచ్చే ప్రతి ఊరివాడికీ ముందు నా కథ, తర్వాతే విగ్రహం. “కన్నుకూ చెవికీ తేడా తెలీని ఇంజినీరు” అని నాకు బిరుదు. ఆళ్లగడ్డ నుంచి ఎవరు మిషన్ తెచ్చినా, “యాడ ఏముండాదో చూసుకోని పెట్టప్పా” అని హెచ్చరించి పోయేవాళ్లు. ఆ ఊరి చర్చి కంప్యూటర్ తెచ్చిన సంఘపెద్ద ఒకాయన, ప్రార్థన చేసి నా చేతికి మౌస్ ఇస్తూ, “దీన్నేమంటారు బ్రదర్?” అని పరీక్ష పెట్టాడు.

నేను నేర్చుకున్నది మాత్రం నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ డ్రైవ్ చేతికొచ్చినా ముందు దాని వెనకభాగం చూస్తాను. ముహూర్తాలు, ప్రయాణాలు, మాటలు అన్నీ తర్వాత. నా బల్ల మీదే ఒకసారి అమర్చి, ఆడించి, తీసి, అప్పుడు సంచిలో పెడతాను. గిరాకీ నమ్మకాన్ని కాపాడాలంటే ముందు మనం మన నమ్మకాన్ని అనుమానించాలి. ఈ సంగతి ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఎవరూ నేర్పరు.

ఎండలు ముదిరాక రెండు నాలుకల డ్రైవ్ వచ్చింది. కబురు పెడితే మౌనాచారి ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని నంద్యాల వచ్చాడు. రాగానే పూల అంగడి ఆమెకు కథ మొదలుపెట్టాడు. అది అయ్యాక మందుల షాపు అతనికి. లోపల కూర్చుని నేను రెండుసార్లూ విన్నాను. రెండోసారి డ్రైవ్‌కు పళ్లతో పాటు కోరలు కూడా వచ్చాయి.

లోపలికొచ్చి, “దాని చెవి వచ్చిందంటనే?” అన్నాడు.

“వచ్చిందన్నా. పెట్టే ముందు మా వృత్తిలో ఒక పట్టింపు ఉంది.”

పట్టింపు నిజమే. పొడి ఎండల్లో మన ఒంటి మీద స్థిరవిద్యుత్తు పేరుకుంటుంది. అది వేలి కొసనుంచి మదర్‌బోర్డు మీదికి దూకితే బోర్డు కాలిపోవచ్చు. అందుకని పనిచేసేవాడు భాగాలను ముట్టుకునే ముందు ఒకసారి ఇనుమును తాకుతాడు. పనిచేసేవాడు. ఒకసారి. ఈ రెండు మాటలు నేను ఆయనకు చెప్పలేదు.

“సొంతదారు చెప్పులిడిచి, ఆ షట్టరు పక్క ఇనుప చువ్వ పట్టుకుని నిలబడాలి. పని ముగిసేదాకా చెయ్యి తీయకూడదు. తీస్తే చెవుడు వస్తుంది.”

“నాకా?”

“ల్యాప్‌టాప్‌కు.”

పట్టింపులంటే గౌరవం ఉన్న మనిషి. మారు మాట్లాడకుండా చెప్పులు విడిచి, వీధికి ఎదురుగా, రెండు చేతులా చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. నేను కొత్త డ్రైవ్‌కు ముందువైపు ల్యాప్‌టాప్ రంగులో ఉండే పట్టీ తగిలించి, గూట్లోకి జరిపాను. చిన్న చప్పుడుతో కూర్చుంది. అడుగున ఒక్క స్క్రూ బిగించాను. ఆ తర్వాత ఆయన తెచ్చిన సీడీల కట్ట విప్పి, ఒక్కొక్కటే పెట్టి, ఒక్కొక్క బొమ్మే తీరిగ్గా చూడటం మొదలుపెట్టాను.

బస్టాండు నుంచి వస్తున్న ఆళ్లగడ్డ మనిషి ఒకడు ఆగాడు. “ఏంది ఆచారీ, ఈడ చువ్వ పట్టుకోని నిలబడితివి?”

“చెవి పెడ్తాండారప్పా” అన్నాడు మౌనాచారి గంభీరంగా.

“ఎవురికి?”

ఆయన చెప్పసాగాడు. చెప్పేకొద్దీ గుంపు పెరిగింది. పూల అంగడి ఆమె పువ్వులు కట్టడం ఆపేసింది. ఈసారి కథలో నిలబడి ఉన్నది నేను కాదు.

“దేవసాయం, ఇడ్సొచ్చునా ఇంగ?”

“ఇంకో సీడీ ఉందన్నా” అన్నాను, టీ గ్లాసు అందుకుంటూ. డ్రైవ్ ఎప్పుడో కూర్చుంది. మౌనాచారిని మాత్రం నేను కూర్చోనివ్వలేదు.